కారవాన్‌కు ఏ బ్యాటరీ? మెయిన్స్ కరెంటు లేనిచోట మకాం వేసేవారికి ఎంపిక సలహా

మెయిన్స్ కరెంటు అందని చోట కారవాన్ (కారు వెనక కట్టి లాగే, లోపల మకాం ఉండదగ్గ బండి) ఆపి నాలుగు రాత్రులు ఉండాలనుకునేవారు ముందుగా అడిగేది "ఎన్ని ఏహెచ్ (ఆంప్-అవర్, బ్యాటరీలో పట్టే కరెంటుకు కొలత) బ్యాటరీ కావాలి?" అని. అంతకంటే ముందు తేల్చుకోవలసింది ఇంకొకటి ఉంది. వాడేసిన కరెంటును ఎక్కడి నుంచి, రోజుకు ఎన్ని గంటల్లో తిరిగి నింపుతారు? కారవాన్లలో లెడ్-యాసిడ్ బ్యాటరీలు ఎక్కువగా పోయేది వాడకం వల్ల కాదు, వాడాక పూర్తిగా నిండకుండా రోజుల తరబడి ఉండిపోవడం వల్ల. సగం నిండి ఉన్నా నష్టపోకపోవడమే లిథియం బ్యాటరీకి ఉన్న అసలు బలం. ఈ తేడా అర్థమైతే ఎంపికలో సగం పని అయిపోయినట్టే.

ముందు రోజువారీ లెక్క

12 వోల్టుల మీద నడిచే ప్రతి వస్తువు ఎన్ని ఆంప్స్ లాగుతుంది, రోజుకు ఎన్ని గంటలు నడుస్తుంది అని కాగితం మీద వేసుకోండి. ఆంప్స్‌ను గంటలతో గుణిస్తే ఏహెచ్ వస్తుంది. ఇద్దరు ఉండే మామూలు కారవాన్ లెక్క ఇలా ఉండవచ్చు:

| వస్తువు | లెక్క | రోజుకు ఏహెచ్ |
|---|---|---|
| కంప్రెసర్ ఫ్రిజ్ | 4.5 ఆంప్స్, మొత్తం 9 గంటలు నడక | 40 |
| ఎల్‌ఈడీ లైట్లు | 1.2 ఆంప్స్, 5 గంటలు | 6 |
| నీళ్ల పంపు | 5 ఆంప్స్, 25 నిమిషాలు | 2 |
| గ్యాస్ హీటర్ ఫ్యాన్ | 1.5 ఆంప్స్, 8 గంటలు | 12 |
| ఫోన్లు, ఒక ల్యాప్‌టాప్ | | 12 |
| టీవీ | 2.5 ఆంప్స్, 2 గంటలు | 5 |
| అలారం, కంట్రోల్ ప్యానెల్ వంటివి | రోజంతా కొద్దికొద్దిగా | 3 |
| మొత్తం | | 80 |

ఈ లెక్కలో రెండు చోట్ల చాలామంది దెబ్బతింటారు. ఒకటి ఇన్వర్టర్. దానికి ఏ వస్తువూ తగిలించకపోయినా, ఆన్‌లో ఉన్నంతసేపూ అర ఆంపు నుంచి ఒక ఆంపు దాకా లాగుతూనే ఉంటుంది. రాత్రీపగలూ ఆన్‌లో వదిలేస్తే రోజుకు 12 నుంచి 24 ఏహెచ్ ఊరికే పోతుంది. రెండోది గ్యాస్, మెయిన్స్, 12 వోల్టులు మూడింటి మీదా నడిచే పాతరకం ఫ్రిజ్. 12 వోల్టుల మీద అది 8 నుంచి 15 ఆంప్స్ దాకా ఆగకుండా లాగుతుంది. 100 ఏహెచ్ లెడ్ బ్యాటరీలో వాడదగ్గ సగభాగం కొద్ది గంటల్లోనే ఖాళీ అయిపోతుంది. ఆ మోడ్ కారు నడుస్తున్నప్పటి కోసమే. మకాం దగ్గర దాన్ని గ్యాస్ మీదే నడపాలి.

ఎండ లేని రెండు రోజులు తట్టుకోవాలనుకుంటే ఈ కారవాన్‌కు వాడదగ్గ కరెంటు 160 ఏహెచ్ ఉండాలి. లెడ్ బ్యాటరీలో సగమే వాడాలి కాబట్టి 320 ఏహెచ్, అంటే 110 ఏహెచ్ ఏజీఎం (యాసిడ్ చిందని రకం లెడ్) బ్యాటరీలు మూడు. బరువు 90 కిలోలు దాటుతుంది. లిథియంలో 80 శాతం వాడుకోవచ్చు కాబట్టి 200 ఏహెచ్ చాలు. బరువు 20 నుంచి 25 కిలోలు. కారవాన్ మోయగల అదనపు బరువుకు పరిమితి ఉంటుంది. మీ బండి కాగితాల్లో ఆ అంకె చూడండి. చాలామందికి ఎంపిక అక్కడే తేలిపోతుంది.

దేన్ని బట్టి ఎంచుకోవాలి

మొదటిది, ఎంత వేగంగా నిండుతుందన్నది. లెడ్ బ్యాటరీ సుమారు 80 శాతం దాకా బాగానే కరెంటు తీసుకుంటుంది. ఆ తర్వాత ఎంత పెద్ద ఛార్జర్ పెట్టినా లోపలికి వెళ్లే ఆంప్స్ తగ్గిపోతూ ఉంటాయి. చివరి 20 శాతానికి నాలుగు గంటలో, ఇంకా ఎక్కువో పడుతుంది. సోలార్ మీద ఆధారపడేవారికి ఇది గట్టి దెబ్బ. మధ్యాహ్నం ప్యానెల్ నిండుగా కరెంటు ఇస్తున్న వేళకు బ్యాటరీ తీసుకోవడం తగ్గించేస్తుంది, తీసుకోగలిగిన సాయంత్రానికి ఎండ ఉండదు. రోజూ 90 శాతం దగ్గర ఆగిపోతే పలకల మీద లెడ్ సల్ఫేట్ గట్టిపడి, తిరిగి కరగని స్థితికి వస్తుంది. అలా కొన్ని వారాలు గడిస్తే 100 ఏహెచ్ బ్యాటరీ 60 ఏహెచ్ బ్యాటరీగా మిగలవచ్చు.

రెండోది, ఒక్కసారిగా లాగే కరెంటు. ఇన్వర్టర్ మీద 1000 వాట్ల కెటిల్ పెడితే బ్యాటరీ నుంచి సుమారు 90 ఆంప్స్ పోతాయి. లీటరు నీళ్లు మరగడానికి ఏడు నిమిషాలు, ఖర్చయ్యేది 10 ఏహెచ్ చుట్టుపక్కలే. ఆ 10 ఏహెచ్ పెద్ద విషయం కాదు, 90 ఆంప్సే సమస్య. లెడ్ బ్యాటరీ మీద రాసే సామర్థ్యం 20 గంటల్లో మెల్లగా ఖాళీ చేసినప్పటిది. ఒక్క గంటలో ఖాళీ చేయబోతే అందులో 60 శాతం దాకానే చేతికొస్తుంది. పైగా వోల్టేజ్ కుంగి, బ్యాటరీలో కరెంటు ఉండగానే ఇన్వర్టర్ అలారం మోగించి ఆగిపోతుంది. లిథియంలో ఈ కుంగుబాటు చాలా తక్కువ.

మూడోది చలి, దాని సంగతి కింద లిథియం భాగంలో చూద్దాం. నాలుగోది ఆయుష్షు, అయితే దాన్ని జాగ్రత్తగా చదవాలి. ఒకసారి ఖాళీ చేసి మళ్లీ నింపితే ఒక సైకిల్. 500 సైకిళ్ల ఏజీఎంతో పోలిస్తే 3000 సైకిళ్ల లిథియం ఆరు రెట్లు మేలని ప్రకటనలు చెబుతాయి. ఏడాదికి 20 రాత్రులు మాత్రమే మకాం వేసేవారికి 500 సైకిళ్లు పూర్తవడానికి 25 ఏళ్లు పడుతుంది. ఏజీఎం అంతకాలం బతకదు, వాడినా వాడకపోయినా అయిదారేళ్ల నుంచి వయసు మీదపడి పోతుంది. అలాంటివారికి సైకిళ్ల అంకె ఎందుకూ పనికిరాదు. ఏడాదికి 150 రాత్రులు బయటే గడిపేవారికి మాత్రం అదే అన్నిటికంటే ముఖ్యమైన అంకె.

100 ఏహెచ్ బ్యాటరీలు పక్కపక్కన

| అంశం | ఫ్లడెడ్ | ఏజీఎం | లిథియం ఐరన్ ఫాస్ఫేట్ |
|---|---|---|---|
| వాడదగ్గ భాగం | 50 శాతం | 50 శాతం | 80–90 శాతం |
| బరువు | 24–28 కిలోలు | 28–32 కిలోలు | 10–13 కిలోలు |
| సైకిళ్లు | 200–400 | 400–600 | 2000–4000 |
| 20 ఆంప్స్ ఛార్జర్‌తో సగం నుంచి పూర్తిగా | 8–10 గంటలు | 6–8 గంటలు | 3 గంటల లోపు |
| నింపే వోల్టేజ్ | 14.4–14.8 | 14.4–14.7 | 14.2–14.6 |
| సున్నా డిగ్రీల దిగువన నింపడం | నెమ్మదిగా కుదురుతుంది | నెమ్మదిగా కుదురుతుంది | కూడదు |
| గాలి బయటికి పోయే గొట్టం | తప్పనిసరి | ఉంటే మంచిది | అక్కర్లేదు |

సైకిళ్ల అంకెలు లెడ్ బ్యాటరీలను సగం దాకా, లిథియంను 80 శాతం దాకా ఖాళీ చేస్తే వచ్చేవి. తయారీని బట్టి అటూ ఇటూ అవుతాయి.

ఫ్లడెడ్ లెడ్-యాసిడ్

డిస్టిల్డ్ వాటర్ పోసే మామూలు బ్యాటరీ. కొనేటప్పుడు అన్నిటికంటే తక్కువ డబ్బు అయ్యేది ఇదే. నిండేటప్పుడు హైడ్రోజన్ వదులుతుంది. గాలిలో 4 శాతం చేరితే ఆ వాయువుకు నిప్పు అంటుకునే గుణం వస్తుంది, కాబట్టి మూసిన పెట్టెలో పెట్టి గొట్టం ద్వారా వాయువును బండి బయటికి పంపాల్సిందే. పడక కింది అరలో గొట్టం లేకుండా పెట్టడం ప్రమాదం. ఇంటి ఇన్వర్టర్ల ట్యూబులర్ బ్యాటరీ మంచి సరుకే కానీ కారవాన్‌కు పనికిరాదు. పొడవు ఎక్కువ, బరువు 50 కిలోలు దాటుతుంది, కుదుపులకు యాసిడ్ చిందుతుంది. కారు స్టార్ట్ చేసే బ్యాటరీ అయితే అసలే వద్దు. దాని పలకలు పలచన, సగం దాకా ఖాళీ చేసే వాడకాన్ని ఎక్కువసార్లు తట్టుకోలేవు.

ఏజీఎం

యాసిడ్ గాజునార పొరల్లో ఇంకి ఉంటుంది కాబట్టి చిందదు, నీళ్లు పోసే పని లేదు, కుదుపులకు ఓర్చుకుంటుంది. ఫ్లడెడ్ కంటే ఎక్కువ ఆంప్స్ తీసుకుంటుంది, 100 ఏహెచ్‌కు 20 నుంచి 30 దాకా. రెండు రాత్రులు బయట ఉండి ఇంటికి వెళ్లి మెయిన్స్‌కు తగిలించేవారికి ఏజీఎం చక్కటి ఎంపిక అని గట్టిగా చెప్పవచ్చు. లిథియం ధాటిలో దీన్ని చులకన చేయడం సబబు కాదు.

దీన్ని చంపేది రెండు తప్పులు. 13.8 వోల్టుల దగ్గరే ఆగిపోయే పాత ఛార్జర్ మీద వదిలేయడం ఒకటి. బ్యాటరీ నిండినట్టే కనిపిస్తుంది, నిజానికి నిండదు. వేడి మూలలో పెట్టడం ఇంకొకటి. 25 డిగ్రీల పైన ప్రతి 10 డిగ్రీలకు లెడ్ బ్యాటరీ ఆయుష్షు సుమారు సగానికి పడిపోతుంది. ఉష్ణోగ్రత సెన్సర్ ఉన్న ఛార్జర్ అయితే వేడిలో వోల్టేజ్ తనే తగ్గిస్తుంది.

జెల్ గురించి పెద్దగా చెప్పడానికి లేదు. సైకిళ్లు ఏజీఎం కంటే కొంచెం ఎక్కువ, నిండడం ఇంకా నెమ్మది. 14.1 లేదా 14.2 వోల్టులు దాటి పెడితే లోపల బుడగలు ఏర్పడి శాశ్వతంగా చెడుతుంది. కొత్తగా కొనేవారు దీని జోలికి వెళ్లే అవసరం కనిపించదు.

లిథియం ఐరన్ ఫాస్ఫేట్

లిథియం అంటే అన్నీ ఒకటి కావు. కారవాన్‌కు కావాల్సింది లిథియం ఐరన్ ఫాస్ఫేట్, వాడుకలో ఎల్‌ఎఫ్‌పి. ఫోన్లలో ఉండే రకాల కంటే వేడికి చాలా నిలకడగా ఉంటుంది. నాలుగు సెల్స్ వరుసగా కలిపితే 12.8 వోల్టులు వస్తుంది. వాటిని కాపాడే సర్క్యూట్‌ను బీఎంఎస్ అంటారు. వోల్టేజ్, కరెంటు, ఉష్ణోగ్రత హద్దులు దాటితే అది బ్యాటరీని పూర్తిగా తెంచేస్తుంది.

నిండే తీరే దీని గొప్పతనం. 30 ఆంప్స్ ఛార్జర్‌తో మూడు గంటలు కారు నడిపితే 90 ఏహెచ్ దాదాపు అంతా లోపలికి వెళుతుంది. 40 శాతం దగ్గర వారం రోజులు ఉంచినా ఏమీ కాదు. అయితే కొనేముందు ఈ నాలుగు విషయాలు తప్పక చూడాలి.

చలి: సెల్స్ సున్నా డిగ్రీల కంటే చల్లగా ఉన్నప్పుడు నింపితే లిథియం లోహంగా పేరుకుపోతుంది. ఆ నష్టం ఇక పూడదు. వాడుకోవడం మాత్రం మైనస్ 20 దాకా కుదురుతుంది. చలిలో నింపడాన్ని తనంతట తనే ఆపేసే కోత బీఎంఎస్‌లో ఉందో లేదో వివరాల పట్టికలో స్పష్టంగా రాసి ఉండాలి. చౌక రకాల్లో ఇది ఉండకపోవచ్చు. మంచు కాలంలో తిరిగేవారు హీటర్ ఉన్న రకం తీసుకోవాలి, లేదా బ్యాటరీని బండి లోపలి వెచ్చటి భాగంలో పెట్టుకోవాలి. బయటి అరలో ఉన్న లిథియంను ఉదయపు సోలార్ నింపబోవడం చలికాలంలో తరచూ జరిగే తప్పు.

బీఎంఎస్ కరెంటు: 200 ఏహెచ్ బ్యాటరీకి 100 ఆంప్స్ బీఎంఎస్ మాత్రమే పెట్టి అమ్మేవి ఉన్నాయి. దాని మీద ఆగకుండా నడపగలిగేది 1100 వాట్ల దాకానే. 2000 వాట్ల ఇన్వర్టర్ 170 ఆంప్స్ పైనే లాగుతుంది కాబట్టి 200 ఆంప్స్ బీఎంఎస్ ఉండాలి. కారవాన్‌ను తోసే మూవర్ మోటార్ ఉంటే దాని ఆంప్స్ కూడా చూడండి. ఏటవాలులో 100 దాటవచ్చు.

మిగిలింది ఎంతో తెలుసుకోవడం: విశ్రాంతిలో ఉన్న లెడ్ బ్యాటరీ 12.7 చూపిస్తే నిండుగా, 12.2 చూపిస్తే సగం అని చెప్పవచ్చు. ఎల్‌ఎఫ్‌పి 80 శాతం నుంచి 30 శాతం దాకా 13.3కూ 13.0కూ మధ్యే ఉండిపోతుంది. వోల్ట్ మీటర్ చూసి ఏమీ చెప్పలేం. షంట్ (వచ్చే, పోయే కరెంటును కొలిచే భాగం) ఉన్న మానిటర్ కావాలి. నెగటివ్ వైర్లన్నీ షంట్ గుండానే వెళ్లాలి. ఒక్క ఎర్త్ వైరు నేరుగా బ్యాటరీ టెర్మినల్‌కు తగిలినా లెక్క తప్పుతుంది.

బరువు: 100 ఏహెచ్ అని రాసి ఏడు కిలోలే తూగితే లోపల అన్ని సెల్స్ లేవేమోనని అనుమానించాలి.

పోర్టబుల్ పవర్ స్టేషన్

బ్యాటరీ, ఇన్వర్టర్, సోలార్ కంట్రోలర్ అన్నీ ఒకే పెట్టెలో. వైరింగ్ అక్కర్లేదు, అద్దెకు తీసుకున్న కారవాన్‌లోనూ వాడుకోవచ్చు. లోపం ఏమిటంటే బండి లైట్లు, పంపు, హీటర్ దీని మీద నేరుగా నడవవు. 12 వోల్టుల సాకెట్ సాధారణంగా 10 ఆంప్స్ దగ్గరే ఆగుతుంది. కారు లైటర్ సాకెట్ నుంచి నింపితే గంటకు 100 వాట్-అవర్లకు అటూ ఇటూ, అంటే 1000 వాట్-అవర్ల పెట్టెకు పది గంటల ప్రయాణం. ఏ ఒక్క భాగం చెడినా పెట్టె మొత్తం రిపేరుకు పోతుంది. ఉన్న బ్యాటరీకి తోడుగా ఇది బాగుంటుంది, బదులుగా సరిపోదు.

బ్యాటరీతో పాటు మార్చాల్సినవి

లిథియం కొన్నవారు నిరాశపడేది ఎక్కువగా ఇక్కడే. కొత్త బ్యాటరీ పెట్టి పాత ఛార్జర్లు ఉంచేస్తారు.

మెయిన్స్ ఛార్జర్‌కు లిథియం సెట్టింగ్ ఉండాలి. ఈక్వలైజ్ లేదా డీసల్ఫేషన్ మోడ్ ఉంటే తప్పక ఆపేయాలి. అది 15 వోల్టులు దాటించి బీఎంఎస్‌ను తెంచేస్తుంది. సోలార్ కంట్రోలర్‌లోనూ ఇదే చూడండి.

కారు నుంచి నింపడానికి డీసీ-డీసీ ఛార్జర్ (కారు వోల్టేజ్‌ను కారవాన్ బ్యాటరీకి సరిపడేలా మార్చి ఇచ్చేది) కావాలి. కొత్త కార్లలో ఆల్టర్నేటర్ (ఇంజన్‌తో తిరిగి కరెంటు పుట్టించేది) తెలివిగా వోల్టేజ్ దించుకుంటుంది, దాంతో కారవాన్‌కు ఏమీ అందదు. పాత కార్లలో నేరుగా రిలేతో (కరెంటుతో పనిచేసే స్విచ్‌తో) కలిపితే లిథియం ఆగకుండా ఎక్కువ కరెంటు లాగి ఆల్టర్నేటర్‌ను వేడెక్కిస్తుంది. డీసీ-డీసీ ఛార్జర్‌ను కారవాన్ బ్యాటరీకి దగ్గరగా బిగించాలి. వైరు మందం దగ్గర పొదుపు చేయకండి. కారు బ్యాటరీ నుంచి 8 మీటర్ల దూరం, రానూపోనూ 16 మీటర్ల రాగి, 25 ఆంప్స్ అనుకుంటే:

- 2.5 చదరపు మి.మీ. వైరులో 2.8 వోల్టులు పోతుంది. పనికిరాదు.
- 6 చదరపు మి.మీ. వైరులో 1.2 వోల్టులు పోతుంది. అతికష్టం మీద నడుస్తుంది.
- 16 చదరపు మి.మీ. వైరులో 0.45 వోల్టులు. ఇది వేయాలి.

లైట్ల కోసం ఉన్న మామూలు ట్రైలర్ ప్లగ్ మీద ఈ కరెంటు పంపకుండా 50 ఆంప్స్ ఆండర్సన్ కనెక్టర్ (ఎక్కువ కరెంటు మోసే ప్లగ్) వేరుగా పెట్టి, వైరుకు రెండు చివర్లా ఫ్యూజ్ వేయండి.

బ్యాటరీ పాజిటివ్ దగ్గర ప్రధాన ఫ్యూజ్ లిథియంకు క్లాస్-టీ రకం (చాలా పెద్ద కరెంటును కూడా తెంచగల ఫ్యూజ్) అయితే మేలు. షార్ట్ అయితే ఎల్‌ఎఫ్‌పి వేల ఆంప్స్ వదులుతుంది. చిన్న ఫ్యూజులు కరిగాక కూడా వాటిలో కరెంటు నిప్పు మెరుపులా (ఆర్క్) దూకుతూ కొనసాగవచ్చు.

ఎవరికి ఏది

వారాంతాల్లో ఒకటి రెండు రాత్రులు, ఫ్రిజ్ గ్యాస్ మీద, ఇంటికి రాగానే మెయిన్స్: 100 ఏహెచ్ ఏజీఎం ఒకటి. అంతకంటే ఖర్చు పెట్టాలనుకుంటే ఆ డబ్బుతో మంచి ఛార్జర్ కొనండి.

నాలుగు రోజులు దాటి ఒకేచోట, కంప్రెసర్ ఫ్రిజ్, సోలార్ ముఖ్య ఆధారం: లిథియం 200 ఏహెచ్, ప్యానెళ్లు కనీసం 300 వాట్లు. మంచి ఎండలో పైకప్పు మీద పరచిన 100 వాట్ల ప్యానెల్ రోజుకు 25 ఏహెచ్ చుట్టుపక్కల ఇస్తుంది. దట్టంగా మబ్బు పట్టిన రోజున అందులో పావు వంతు కూడా రాకపోవచ్చు. ప్యానెల్ తక్కువ పెట్టి బ్యాటరీ పెంచుకుంటూ పోవడం వల్ల ఖాళీ అవడం ఒకటి రెండు రోజులు వాయిదా పడుతుంది, అంతే.

రోజూ బండి కదిలించేవారికి సోలార్ కంటే 30 ఆంప్స్ డీసీ-డీసీ ఛార్జర్ ముఖ్యం. దానితో 100 ఏహెచ్ లిథియం కూడా సరిపోవచ్చు.

ఇన్వర్టర్ మీద కెటిల్, ఇండక్షన్ స్టవ్, హెయిర్ డ్రయర్ కావాలంటే లెడ్ గురించి ఆలోచించకండి.

గడ్డకట్టే చలిలో, బండి లోపల చోటు లేక బ్యాటరీ బయటి అరలోనే పెట్టాల్సి వస్తే హీటర్ ఉన్న లిథియం, లేదా పెద్ద ఏజీఎం. చలిలో లెడ్ సామర్థ్యం తగ్గుతుంది, లెక్కలో 20 శాతం అదనంగా వేసుకోండి. దాన్ని ఖాళీగా వదలకండి. ఖాళీ అయిన లెడ్ బ్యాటరీలో ద్రవం గడ్డకట్టి పెట్టె పగలవచ్చు.

కలపడం, దాచడం

రెండు బ్యాటరీలు సమాంతరంగా (పాజిటివ్‌కు పాజిటివ్, నెగటివ్‌కు నెగటివ్) కలిపితే ఒకే రకం, ఒకే సామర్థ్యం, ఒకే వయసువి ఉండాలి. లెడ్‌నూ లిథియంనూ ఎప్పుడూ నేరుగా కలపవద్దు. పాజిటివ్ వైరు మొదటి బ్యాటరీ నుంచి, నెగటివ్ వైరు చివరి బ్యాటరీ నుంచి తీసుకోండి. రెండూ ఒకే బ్యాటరీ నుంచి తీస్తే దాని మీదే భారం పడి ముందుగా అరిగిపోతుంది. లిథియం అయితే కలిపే ముందు ఒక్కొక్కదాన్ని విడిగా పూర్తిగా నింపాలి. లేకపోతే కలిపిన క్షణంలో ఒకదానిలోంచి ఇంకొకదానిలోకి పెద్ద కరెంటు దూకుతుంది.

లెడ్ బ్యాటరీ కొనేటప్పుడు పెట్టె మీద సామర్థ్యం పక్కన సీ20 అని ఉందో, సీ100 అని ఉందో చూడండి. సీ100 అంటే 100 గంటల్లో ఖాళీ చేసిన లెక్క. అదే బ్యాటరీ సీ20లో తక్కువే చూపుతుంది.

బండి నెలల తరబడి ఆగి ఉండేటప్పుడు లెడ్‌ను పూర్తిగా నింపి, నెలకోసారి మళ్లీ నింపాలి. లిథియంను 50 నుంచి 60 శాతం దగ్గర ఉంచి పక్కన పెట్టాలి. రెండింటికీ మెయిన్ స్విచ్ ఆపి, లేదా నెగటివ్ టెర్మినల్ విప్పి ఉంచండి. అలారం వంటివి లాగే 0.15 ఆంపే నెలకు 108 ఏహెచ్ అవుతుంది. అలా ఖాళీ అయిన లిథియం బీఎంఎస్ కోత మీద నిద్రలోకి వెళ్లి, టెర్మినల్స్ దగ్గర సున్నా వోల్టులు చూపిస్తుంది. మామూలు ఛార్జర్ దాన్ని బ్యాటరీగానే గుర్తించదు. మేల్కొలిపే సౌకర్యం ఉన్న లిథియం ఛార్జర్ తగిలించాలి.